సుందరయ్య గారికి మళ్లీ కులం తగిలించకండి

పొద్దున్నే మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఒక ఫొటో పడింది. పైన బంగారు అక్షరాలతో ‘మన కుల రత్నాలు’ అని ఉంది. కింది వరుసలో కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య గారు! పేరు ‘సుందరరామిరెడ్డి’ అట. దాని కింద పాతిక దండాల బొమ్మలు. చూసినప్పటి నుంచి ఒళ్లు మండుతూనే ఉంది.

ఆ రెడ్డిని ఆయనే తీసి పారేశాడు కదండీ! 1913లో నెల్లూరు జిల్లా అలగానిపాడులో భూస్వాముల ఇంట పుట్టి, అదే ఊళ్లో వ్యవసాయ కూలీల పక్షాన నిలబడ్డాడు. అప్పుడు ఆయన మీద కత్తులు నూరింది ఎవరు? ఆయన కులపోళ్లే. వద్దని వదిలేసుకున్న తోకను, చనిపోయి ఇన్నేళ్లయ్యాక మళ్లీ తగిలించడానికి మీకేం హక్కుంది?

1952లో రాజ్యసభకు వెళ్లాడు. పార్లమెంటుకు సైకిల్ మీద వెళ్లిన మనిషి. 1955లో గన్నవరం నుంచి ఆంధ్ర శాసనసభకు గెలిచాడు. ఆ ఎన్నికల్లో కమ్యూనిస్టులకు దక్కింది 15 సీట్లే. అయినా ప్రతిపక్ష నాయకుడిగా లెక్కలు, కాగితాలు ముందు పెట్టుకుని నీళ్ల గురించి, భూముల గురించి మాట్లాడాడు. తన వాటా ఆస్తి ఉద్యమానికి ఇచ్చేశాడు. ఆయనా, ఆయన భార్య లీల గారూ పిల్లలే వద్దనుకున్నారు. బిడ్డల్ని కూడా వద్దనుకుని జనం కోసం బతికిన మనిషిని తెచ్చి కులం ఖాతాలో వేస్తారా?

ఇదే మాట గ్రూపులో రాస్తే మా బాబాయి ఒకాయన, “ఎంతైనా మన రక్తమే కదరా” అన్నాడు. పోయిన ఎన్నికల్లోనూ ఈయనది ఇదే పాట. మనవాడు, మనవాడు అని ఇంటింటికీ తిరిగి ఓట్లు వేయించాడు. గెలిచిన ఆ మనవాడు మా ఊరి వైపు మళ్లీ తొంగి చూస్తే ఒట్టు. కాలవ గట్టు మీద రోడ్డు ఇప్పటికీ గుంతలే. వానాకాలం వస్తే స్కూలు పిల్లలు చెప్పులు చేతిలో పట్టుకుని నడుస్తారు. దాని గురించి ఒక్క అర్జీ రాద్దాం, సంతకం పెట్టండి బాబాయ్ అంటే, “మనవాణ్ని మనమే అల్లరి పెడతామా” అన్నాడు. మనవాడట! పిల్లలు మనవాళ్లు కారా?

సుందరయ్య గారి ఫొటో పెట్టుకోవాలనుంటే పెట్టుకోండి, కాదనను. పేరు మాత్రం ఆయన ఎంచుకున్నట్టే రాయండి. ఆ పోస్టు తీసేయమని గ్రూపు అడ్మిన్‌ని అడిగాను. ఇంతవరకు జవాబు లేదు. తీసేదాకా అడుగుతూనే ఉంటాను. బాబాయ్, ఆ అర్జీ కూడా ఇంకా నా దగ్గరే ఉంది.