64 గళ్లు 65 ఎందుకు కావు: ఫార్వర్డ్‌కు పాయింటు పాయింటుగా జవాబు

గళ్ల కాగితం మీద 8×8 చతురస్రం గీస్తారు. నాలుగు ముక్కలుగా కోస్తారు. అవే ముక్కల్ని మార్చి పేరిస్తే 5×13 దీర్ఘచతురస్రం వస్తుంది. 64 గళ్లు కాస్తా 65 అయ్యాయి! ఈ వీడియోతో పాటు ఒక సందేశం కూడా వాట్సాప్‌లో తిరుగుతూ ఉంటుంది. వైశాల్యం నిజంగానే పెరిగిందనీ, స్కేలుతో కొలిచినా తేడా దొరకదనీ, చాక్లెట్ బార్‌తో కూడా ఇది చేయొచ్చనీ, దీన్ని 1924లోనే రుజువు చేశారనీ, రహస్యమంతా ఫిబొనాచి సంఖ్యల్లో, స్వర్ణ నిష్పత్తిలో ఉందనీ దాని సారాంశం. చిక్కు కొత్తదేం కాదు, 1868లోనే ఒక జర్మన్ గణిత పత్రికలో అచ్చయింది. చూడ్డానికి వింతే, అంతవరకు అభ్యంతరం లేదు. మిగతావి వరసగా చూద్దాం.

"కాగితం కలపలేదు, తీయలేదు, అయినా వైశాల్యం పెరిగింది"

కలపలేదు, తీయలేదు అన్నంతవరకు నిజం. పెరిగింది అన్నది అబద్ధం. ముక్కల్నే లెక్కేద్దాం. లంబకోణ త్రిభుజాలు రెండు, ఒక్కోదాని భుజాలు 8, 3, వైశాల్యం 12. ట్రెపీజియంలు రెండు, సమాంతర భుజాలు 5, 3, వాటి మధ్య దూరం 5. ఒక్కోదాని వైశాల్యం 20. మొత్తం 12+12+20+20 = 64. ఎలా పేర్చినా ఇంతే. అంటే 65 గళ్ల చట్రంలో 64 గళ్ల కాగితం పరిచారు. ఒక గడంత ఖాళీ చట్రంలోనే ఉంది, మనకు కనిపించలేదు.

అది ఉన్నది కర్ణం వెంబడి. త్రిభుజం ఏటవాలు అంచు 8 గళ్లు నడిచి 3 గళ్లు ఎక్కుతుంది, అంటే వాలు 0.375. ట్రెపీజియం అంచు 5 గళ్లకు 2 ఎక్కుతుంది, వాలు 0.4. వాలులు వేరైతే రెండు అంచులూ కలిసి ఒకే సరళరేఖ కావడం కుదరదు. ఒకటి 20.6 డిగ్రీలు, ఇంకోటి 21.8 డిగ్రీలు. కలిసే చోట గీత కొద్దిగా విరుగుతుంది. పై సగంలో ఒకవైపుకి, కింది సగంలో రెండోవైపుకి విరగడంతో మధ్యలో సన్నటి సమాంతర చతుర్భుజం మిగులుతుంది. దాని వైశాల్యం సరిగ్గా 1.

"స్కేలు పెట్టి చూసుకోండి, ఎక్కడా తేడా రాదు"

చిన్న కాగితం మీద రాదు మరి. గడి 1 సెంటీమీటరైతే ఆ ఖాళీ పొడవు దాదాపు 14 సెంటీమీటర్లు, గరిష్ఠ వెడల్పు 1.2 మిల్లీమీటర్లు మాత్రమే. పైగా వీడియోలో అంచులన్నీ మార్కర్‌తో దిద్దుతారు. మార్కర్ గీత మందమే మిల్లీమీటరు ఉంటుంది, ఖాళీ అంతా అందులో మునిగిపోతుంది. కత్తెరతో కోసిన అంచు వంకరపోయినా ఆ తప్పు మన చేతిదే అనుకుంటాం.

నిజంగా చూడాలంటే ఇలా చేయండి. ఎ4 సైజు మందపాటి అట్ట తీసుకుని 20 సెంటీమీటర్ల చతురస్రం కోయండి; గడి 2.5 సెంటీమీటర్లు అవుతుంది. చతురస్రాన్ని 12.5, 7.5 వెడల్పున్న రెండు పట్టీలు చేయండి. చిన్న పట్టీని మూల నుంచి మూలకు కోస్తే రెండు త్రిభుజాలు. పెద్ద పట్టీకి ఒక పొడుగు అంచు మీద ఎడమ నుంచి 12.5 దగ్గర, ఎదుటి అంచు మీద ఎడమ నుంచి 7.5 దగ్గర చుక్కలు పెట్టి కలిపి కోయండి. కత్తెర వద్దు, స్టీలు స్కేలు ఆనించి కట్టర్ బ్లేడుతో కోయాలి. ఇప్పుడు నల్ల చార్టు మీద 12.5×32.5 చట్రం గీసి, ముక్కల బయటి అంచులు గీతకు ఆనేలా పేర్చండి. మధ్యలో దాదాపు 3 మిల్లీమీటర్ల నల్లటి చీలిక కనబడుతుంది. చట్రం మూల నుంచి మూలకు దారం లాగి పట్టుకుంటే, త్రిభుజం, ట్రెపీజియం కలిసే మూల దారానికి 1.8 మిల్లీమీటర్లు పక్కకు ఉంటుంది. చీలికను మూసేద్దామని ముక్కల్ని దగ్గరికి నెడితే బయటి అంచులు చట్రాన్ని వదిలేస్తాయి. ముందు చట్రం గీయకుండా పేరిస్తే మాత్రం మళ్లీ మోసపోతారు.

13×5 త్రిభుజంలో ముక్కలు మార్చగానే ఒక గడి మాయమయ్యే బొమ్మ కూడా ఈ కోవదే. 1953లో న్యూయార్క్ మెజీషియన్ పాల్ కర్రీ తయారుచేశాడు. అందులో ముక్కల మొత్తం 32, అసలు త్రిభుజం ఉంటే 32.5 ఉండాలి. ఒక అమరికలో కర్ణం లోపలికి వంగుతుంది, రెండోదాంట్లో బయటికి. రెండు అరలు కలిపితే ఒక గడి.

"చాక్లెట్ బార్ నుంచి రోజూ ఒక ముక్క తినొచ్చు, బార్ తరగదు"

బార్‌ను ఏటవాలుగా కోసి, ముక్కల్ని మార్చి పేర్చి, ఒకటి మిగిల్చినట్టు చూపే వీడియో ఇది. వరసకు 4 చొప్పున 6 వరసల బార్‌లో ఒక ముక్క తీసేస్తే ఎత్తు పావు ముక్క తగ్గుతుంది. వీడియోలో ముక్కలు జరుగుతున్నప్పుడు ఏటవాలు కోత దగ్గరి వరసను గ్రాఫిక్స్‌లో మెల్లగా సాగదీస్తారు. ఆ ఒక్క వరస ఎత్తు ముందూ వెనకా పోల్చండి, చాలు. వంటింటి డిజిటల్ కాటా ఉంటే అదీ అక్కర్లేదు: 120 గ్రాముల బార్ 115 గ్రాములు తూగుతుంది.

"దీన్ని 1924లోనే రుజువు చేశారు"

ఆ ఏడు గణితజ్ఞులు బనాఖ్, టార్‌స్కీ రుజువు చేసింది వేరే సంగతి. ఒక గోళాన్ని కొన్ని ముక్కలు చేసి, వాటితో అంతే పరిమాణమున్న రెండు గోళాలు చేయొచ్చన్నది వాళ్ల సిద్ధాంతం. ఆ ముక్కలు ఘనపరిమాణమే చెప్పలేని బిందు సమితులు. ఏ కత్తీ వాటిని కోయలేదు. పైగా కాగితం లాంటి సమతలంలో అలా కుదరదని అదే బనాఖ్ 1923లో చూపించాడు. ఫార్వర్డ్ రాసినవారు ఏడాది వెనక్కి వెళ్లి ఉంటే బాగుండేది.

"రహస్యం ఫిబొనాచి సంఖ్యల్లో, స్వర్ణ నిష్పత్తిలో ఉంది"

సంఖ్యల మాట నిజమే. పక్కపక్క రెంటిని కూడితే తర్వాతది వచ్చే వరస అది: 1, 2, 3, 5, 8, 13... మన 5, 8, 13 అందులోవే. నిజానికి ఇవి మన ఛందస్సుకు పాత చుట్టాలు: లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు మాత్రలు లెక్కన 4 మాత్రల్ని 5 రకాలుగా, 5 మాత్రల్ని 8 రకాలుగా, 6 మాత్రల్ని 13 రకాలుగా నింపవచ్చు. ఛందశ్శాస్త్ర పండితులు విరహాంకుడు, 12వ శతాబ్దంలో హేమచంద్రుడు ఈ లెక్క చెప్పారు. ఫిబొనాచి గ్రంథం 1202 నాటిది. వరసలో ఏ మూడు పక్కపక్క సంఖ్యలు తీసుకున్నా, మొదటిదాన్నీ మూడోదాన్నీ గుణిస్తే వచ్చే లబ్ధానికీ మధ్య దాని వర్గానికీ తేడా ఎప్పుడూ 1. అందుకే చీలిక అంత సన్నగా దాక్కుంటుంది.

స్వర్ణ నిష్పత్తి దగ్గరే ఫార్వర్డ్ బోల్తా పడింది. చతురస్రం భుజాన్ని సరిగ్గా ఆ నిష్పత్తిలో (దాదాపు 1.618:1) విడగొట్టి కోస్తే రెండు వాలులూ ఒకటైపోతాయి, ముక్కలు ఖాళీ లేకుండా అతుక్కుంటాయి, వైశాల్యం వెంట్రుకంత కూడా పెరిగినట్టు కనబడదు. మాయ పనిచేయని ఒకే ఒక్క చోటు అది.

ఇంకోటి: ఆ తేడా ప్రతిసారీ ఎక్కువ వైపే ఉండదు. ఒకటి విడిచి ఒకటి గుర్తు మారుతుంది. 5×13 అనేది 64 కంటే ఒకటి ఎక్కువ. 3×8 మాత్రం 25 కంటే ఒకటి తక్కువ. ఇందాకటిలాంటి 20 సెంటీమీటర్ల అట్ట ఇంకోటి తీసుకుని, 5×5 గళ్లుగా అనుకుని 12, 8 వెడల్పు పట్టీలు చేసి, పెద్ద పట్టీకి చుక్కలు 12 దగ్గరా 8 దగ్గరా పెట్టి కోయండి. 12×32 చట్రంలో పేర్చబోతే ముక్కలు పట్టవు, కర్ణం దగ్గర 7 మిల్లీమీటర్లకు పైగా ఒకదాని మీదొకటి ఎక్కుతాయి. ఒక గడి పోయే ఈ వీడియోను మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చేయరు.