సవరణ: 2001 ఏప్రిల్ 30 ఒక్కటే చాలదు

మొన్న తప్పు రాశాను. అమెరికాలో కాగితాల్లేకుండా ఉండిపోయినవాళ్ల పేరిట 2001 ఏప్రిల్ 30లోపు పిటిషన్ (చుట్టాలో, ఉద్యోగమిచ్చేవాళ్లో వేసే వలస దరఖాస్తు) పడి ఉంటే చాలు, అక్కడి వలస చట్టంలోని 245(ఐ) సెక్షన్ కింద వెయ్యి డాలర్లు అదనంగా కట్టి అక్కడే గ్రీన్‌కార్డుకు అప్లై చేసుకోవచ్చన్నాను. చాలదు. అసలు గడువు 1998 జనవరి 14. ఆ తర్వాత, పొడిగింపులో పడిన పిటిషన్లకైతే 2000 డిసెంబర్ 21న మనిషి అమెరికాలోనే ఉన్నట్టు రుజువు కావాలి. 1998 జనవరి 14లోపు పడినవాటికి ఈ బాధ లేదు.

బ్రాడీపేట నుంచి ఒక పెద్దావిడ ఫోన్ చేసి అడిగితే గానీ నా తప్పు తెలియలేదు. ఆ ఒక్కరోజు కోసం వాళ్లబ్బాయి లాయరు పాత జీతం చీటీలన్నీ వెతికిస్తున్నాడట. పాతికేళ్ల నాటివి ఎవరు దాస్తారండీ! ఈవిడ దాచారు: ట్రంకుపెట్టెలో, పట్టుచీరల అడుగున, అబ్బాయి అక్కణ్ణుంచి పంపిన ఉత్తరం. కవరు మీద డిసెంబర్ ముద్ర.