రాత్రి ఫిల్టర్ బంద్ చెయ్యమని తిరుగుతున్న ఆ మెసేజ్ గురించి

ఈ వారంల ఒకటే మెసేజ్ నాకు నాలుగు దిక్కులకెళ్లి వచ్చింది. ముందుగాల కరీంనగర్ల ఉండే మా బావ పంపిండు, దసరాకు పిల్లల కోసమని రెండు ఫీట్ల అక్వేరియం కొన్నడు పాపం, తర్వాత ఆఫీసుల ఇద్దరు, నిన్న మా గల్లీల కిరాణం నడిపే కాక గూడ ఫోన్ తీసి "నిజమేనా తమ్మీ" అని చూపెట్టిండు. "అక్వేరియం ఉన్నవాళ్లు తప్పక చదవండి, పది మందికి పంపండి" అని మొదలైతది. అండ్ల ఉన్నది మొత్తం ఇదీ: మొక్కలు పెడితె అవే ఆక్సిజన్ ఇస్తయి కాబట్టి రాత్రి ఫిల్టర్ బంద్ చెయ్యాలె, చేపలు ప్రశాంతంగ పడుకుంటయి, కరెంట్ గూడ మిగులుతది. ప్రతి ఆదివారం చేపలను బకెట్ల ఏసి ట్యాంక్, రాళ్లు, స్పాంజ్ అన్నీ నల్లా కింద కడిగి మొత్తం కొత్త నీళ్లు పొయ్యాలె. మొక్కలు ఏవైనా సరే లోతుకు నాటాలె, లైట్ 24 గంటలు వెయ్యాలె, చిటికెడు యూరియా వెయ్యాలె. బోరు నీళ్లు విషం, ఆర్వో నీళ్లే పొయ్యాలె. చివర్ల ఆకుపచ్చ గుండెకాయ, రెండు దండాలు.

నేను చేపల డాక్టర్‌ను గాదు. హన్మకొండల ఏడెనిమిదేండ్ల నుంచి రెండు ట్యాంకులు నడుపుతున్న, చేపలను చంపుకుంటనే నేర్చుకున్న, గంతే. ఒక్కొక్కటి చూద్దాం.

రాత్రి ఫిల్టర్ సంగతి. ముందు ఒక్క మాట, రాత్రి చేపలు పడుకోవాలని ఫిల్టర్ బంద్ చెయ్యమంటడు, అదే మెసేజ్‌ల రెండు లైన్ల కింద 24 గంటలు లైట్ వెయ్యమంటడు. ఇది రాసినోడు తను రాసింది తనే చదువుకోలేదు. చేపలకు కంటి రెప్పలుండయి, చీకటైతె ఒక మూలకు కదలకుండ నిలబడి రెస్ట్ తీసుకుంటయి, వాటికి కావాల్సింది చీకటి, ఫిల్టర్ చప్పుడుతోని వాటికేం బాధ లేదు.

మొక్కలు ఆక్సిజన్ ఇస్తయి, అబద్ధం గాదు, కానీ లైట్ ఉన్నప్పుడే. లైట్ బంద్ అయినంక అవి గూడ మనలెక్కనే ఆక్సిజన్ తీసుకొని కార్బన్ డయాక్సైడ్ వదుల్తయి. అంటే చేపలు, మొక్కలు, కిందున్న చెత్తల బతికే బ్యాక్టీరియా, అందరు కలిసి తెల్లారేదాక ఉన్న ఆక్సిజన్‌నే పంచుకోవాలె, సరిగ్గ ఆ టైంకే మీరు పోయి ప్లగ్గు పీకుతున్నరు. చేపల చెరువులు పట్టినోళ్లను అడుగుండ్రి, పాచి బాగ పట్టిన చెరువుల చేపలు నీళ్ల మీదికొచ్చి నోరు తెరిచి గుటకలేసేది ఏ టైంల అని. తెల్లారుగట్లనే చెప్తరు. పెద్ద పెద్ద చేపల గుంటలల్ల ఏరేటర్లు రాత్రిపూట తిప్పేది గందుకే. అండ్ల మన ఎండలు గూడ కలుపుకోండి, 20 డిగ్రీల నీళ్లు లీటరుకు 9 మిల్లీగ్రాముల దాక ఆక్సిజన్ పట్టుకుంటయి, 30 డిగ్రీలకు వచ్చేసరికి ఏడున్నరే. మే నెలల నా హాల్ల ట్యాంక్ నీళ్లు 32 దాటినయి, కూలర్ నడిచినా గూడ.

ఇంకోటి, బుడగలల్లనే ఆక్సిజన్ ఉంటదని చానామంది అనుకుంటరు. బుడగ కిందికెళ్లి పైకొచ్చే ఆ రెండు సెకండ్లల్ల ఇచ్చేది కొంచెమే, అసలు పని అది పైనున్న నీళ్లను కదిలించుడు, ఆ కదిలే పైభాగం నుంచే గాలి నీళ్లల్లకు పోతది. కాబట్టి ఎయిర్ పంప్ లేకున్నా ఫిల్టర్ నోరు నీళ్ల పైభాగాన్ని అల్లాడిస్తె సరిపోతది.

"మరి మా ఫైటర్ చేప గాజు సీసాల ఏ పంపు లేకుండ రెండేండ్లు బతికింది" అంటరు. బతుకుతది, ఎందుకంటె ఫైటర్‌కు, గౌరామీకి తల కాడ ఇంకో అవయవం ఉంటది, పైకొచ్చి నేరుగ గాలి పీలుస్తయి. మన రాష్ట్ర చేప కొర్రమీను గూడ గంతే, గందుకే మార్కెట్ల తట్టల నీళ్లు లేకున్నా కొట్టుకుంట ఉంటది. అవి చూసి గోల్డ్‌ఫిష్‌కు లెక్కలు కట్టొద్దు.

కానీ నా అసలు బాధ ఆక్సిజన్ గాదు, ఆ స్పాంజ్. చేప మొప్పల నుంచి, దాని మలం నుంచి, మిగిలిపోయిన మేత నుంచి అమ్మోనియా వస్తది, అది చేపకు విషం. ఫిల్టర్ స్పాంజ్ల, రాళ్ల మీద రెండు రకాల బ్యాక్టీరియా ఇల్లు కట్టుకొని ఉంటయి, ఒకటి అమ్మోనియాను నైట్రైట్ చేస్తది, అది గూడ విషమే, రెండోది దాన్ని నైట్రేట్ చేస్తది, అది కొంచెం నయం, మొక్కలు తింటయి, మిగిలింది మనం నీళ్లు మార్చినప్పుడు పోతది. ఫిల్టర్ అంటే చెత్త వడకట్టే జల్లెడ అనుకుంటరు గానీ అది ఆ బ్యాక్టీరియాకు ఇల్లు. వాటికి ఆక్సిజన్ కావాలె, మెల్లగ పారే నీళ్లు కావాలె. డబ్బా లెక్క మూసి ఉండే క్యానిస్టర్ ఫిల్టర్‌ను రాత్రంత ఆపితె లోపల ఆక్సిజన్ అయిపోయి అవి చావడం మొదలుపెడ్తయి, తెల్లారి స్విచ్ ఏస్తె మురిగిన గుడ్డు వాసన వచ్చే నీళ్లు పోయి ట్యాంక్ల పడ్తయి. మామూలు స్పాంజ్ ఫిల్టర్ నీళ్లల్ల తెరిచే ఉంటది కాబట్టి అంత తొందరగ పాడుగాదు, రెండు మూడు గంటలు కరెంట్ పోయినా భయపడే పని లేదు. రోజు రాత్రి పన్నెండు గంటలు ఆపుడు వేరే కథ.

కరెంట్ మిగులుడు అంటరా, నా పంపు 8 వాట్లది. రాత్రికి పన్నెండు గంటలు, నెలకు ముప్పై రోజులు ఆపితె మూడు యూనిట్లు గూడ నిండయి. చాయ పైసలు.

కరెంట్ అంటె యాదికొచ్చింది, ఎయిర్ పంప్ ట్యాంక్ కన్న కింద పెట్టినోళ్లు పైపుల ఒక చెక్ వాల్వ్ పెట్టుకోండి, చిన్నది, పంపులు అమ్మే ప్రతి షాపుల ఉంటది. లేకపోతె కరెంట్ పోయినప్పుడు నీళ్లు పైపులకెళ్లి వెనక్కి గుంజుకొచ్చి పంపులకు, అక్కణ్నుంచి బోర్డులకు. వాల్వ్ లేకుంటె పంపునే నీళ్ల మట్టం కన్న పైన పెట్టుండ్రి.

ఇగ ఆదివారం కడుగుడు. ఇది నేను నా చేతుల్తోని చేసిన పాపం. అప్పుడు నా దగ్గర తొమ్మిది నల్ల మోలీలు, ట్యాంక్ పెట్టి నాలుగు నెలలు, అంత బాగనే ఉన్నది, స్పాంజ్ మాత్రం గోధుమ రంగుల జిగట జిగటగ ఉంటె చూడబుద్ధి గాలే. చేపలు కొన్న షాపాయన "మొత్తం కడుగన్నా, కొత్తదాని లెక్క అయితది" అన్నడు. ఆదివారం పొద్దుగాల బాత్‌రూంల కూసొని స్పాంజ్‌ను నల్లా కింద పిండి పిండి కొత్త బనీను లెక్క తెల్లగ చేసిన, రాళ్లను వేడినీళ్లల్ల నానబెట్టిన, ట్యాంక్ నిండ నల్లా నీళ్లు పోసిన. సాయంత్రం అద్దం లెక్క మెరుస్తుంటె ఫోటో తీసి స్టేటస్ గూడ పెట్టుకున్న. మంగళవారం పొద్దున ఒకటి హీటర్ మూలకు పోయి నిలబడ్డది, మొప్పలు గబగబ ఆడుతున్నయి, మేత ఏస్తె రాలే. శుక్రవారం వరకు ఆరు పోయినయి. అప్పుడు పోయి అమ్మోనియా టెస్ట్ చుక్కలు కొనుక్కొచ్చిన, నీళ్లు పసుపు పచ్చగ ఉంటె అమ్మోనియా లేనట్టు, నాది చిక్కటి ఆకుపచ్చ. ఆ జిగట మురికి గాదు, నాలుగు నెలలు పెరిగిన నా బ్యాక్టీరియా.

చెయ్యాల్సింది చాన చిన్న పని. వారానికి నాలుగో వంతు నీళ్లు సైఫన్ పైపుతోని కింద చెత్తతో సహా గుంజాలె, ఆ తీసిన నీళ్ల బకెట్లనే స్పాంజ్‌ను రెండు మూడు సార్లు పిండి తిరిగి పెట్టాలె. తెల్లగ కావద్దు, నీళ్లు పారితె సాలు. ఆ గోధుమ నీళ్లు మా అమ్మ గులాబీ చెట్టుకు పోస్తది, ఆమెకు నా చేపల కన్న ఆ నీళ్ల మీదనే ప్రేమ ఎక్కువ. హీటర్ ఉంటె నీళ్లు తీసే ముందు ప్లగ్గు పీకుండ్రి, వేడి మీద ఉన్న హీటర్ నీళ్ల బయటికొస్తె గాజు పగుల్తది. కొత్తగ పోసే నల్లా నీళ్లల్ల క్లోరిన్ ఉంటది, అది చేప మొప్పలను, బ్యాక్టీరియాను రెండిటిని కాలుస్తది. యాంటీ క్లోరిన్ చుక్కలు కలపాలె, లేదంటె మూత లేని డ్రమ్ముల ఒక రోజు నిలవ పెట్టాలె, కాకపోతె ఆ నీళ్లల్ల క్లోరమైన్ అనే ఇంకో రకం మందు కలిపి ఉంటె నిలవ పెట్టినా పోదు, చుక్కలే దిక్కు.

బావ లెక్క కొత్తగ పెట్టినోళ్లకు ఇంకో మాట. కొత్త ట్యాంక్ల ఈ బ్యాక్టీరియా నిండ పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడ్తది, అప్పటిదాక చేపలు తక్కువ, మేత తక్కువ. ఎవలిదన్న పాత ట్యాంక్ ఉంటె వాళ్ల స్పాంజ్ ముక్క అడిగి తెచ్చుకోండి, ఆ ట్యాంక్ల రోగం లేదని చూసుకొని.

మొక్కలన్నీ లోతుకు నాటాలంట. అనూబియాస్, జావా ఫెర్న్ కొనుక్కొచ్చి నాటి చూడండి, అల్లం కొమ్ము లెక్క అడ్డంగ ఉండే కాండం మట్టిల పూడితె నెల తిరక్కుండ మురిగి చేతికొస్తది. వాటిని దారంతోని రాయికో కట్టెకో కట్టాలె, వేర్లు అవే పట్టుకుంటయి. వాలిస్‌నేరియా, అమెజాన్ స్వోర్డ్ లాంటియి నాటాలె, అవి వేర్లతోని తింటయి. షాపులల్ల అక్వేరియం మొక్కలని అమ్మే వాటిల సగం నీటి మొక్కలే గావు, లక్కీ బాంబూ మొత్తం ముంచితె మెల్లగ పసుపు పచ్చబడి మురుగుడే, ఆకులు బయటికుండాలె. మనీ ప్లాంట్ గూడ గట్లనే, వేర్లు నీళ్లల్ల, ఆకులు గాలికి, అట్ల పెడితె మాత్రం నైట్రేట్‌ను మస్తు గుంజుతది, నా రెండో ట్యాంక్ వెనక గోడంత అదే పాకింది.

పైసలు దండగని చెరువుల నుంచి హైడ్రిల్లా పీక్కొచ్చేటోళ్లున్నరు, నేను గూడ మా ఊరి చెరువుల తెచ్చిన. మొక్క మంచిగనే పెరిగింది, దాంతోని తూనీగ పిల్ల గూడ వచ్చింది, నీళ్లల్ల ఉండే దాని పురుగు రూపం. గప్పీ పిల్లలు రోజుకు రెండు తక్కువైతుంటె నేను పెద్ద చేపలను అనుమానించిన. తెస్తె లేత గులాబీ రంగు పొటాషియం పర్మాంగనేట్ నీళ్లల్ల పది నిమిషాలు ముంచి, కడిగి, వారం వేరే బకెట్ల పెట్టి చూడండి.

24 గంటల లైట్ గురించి చెప్పేదేం లేదు, ఆరు నుంచి ఎనిమిది గంటలు సాలు. ఎక్కువేస్తె పెరిగేది మొక్క గాదు, పాచి.

యూరియా. ఈ ఒక్క లైన్ చూసే నేను ఇంత పొడుగు రాస్తున్న. చిటికెడంటె ఒక గ్రాము అనుకుందాం. యూరియాల 46 శాతం నైట్రోజన్, ఆ సంచి మీదనే రాసి ఉంటది, మన దగ్గర ఎవలకు తెల్వది. బావ ట్యాంక్ల ఉండేది యాభై లీటర్లు. అంటే లీటరుకు 9 మిల్లీగ్రాముల పైనే నైట్రోజన్, నీళ్లల్ల బ్యాక్టీరియా దాన్ని అమ్మోనియా చేస్తది. టెస్ట్ల అమ్మోనియా ఒక మిల్లీగ్రాము చూపెడితెనే మేం పరుగున నీళ్లు మారుస్తం. పైగ నీళ్ల పులుపు, చవుడు కొలిచే పీహెచ్ 7 దగ్గర అమ్మోనియాల వందకు ఒక వంతు లోపే అసలు విషం రూపంల ఉంటది, 8 దగ్గరికి పోతె అది తొమ్మిది పదింతలు అయితది, మన బోరు నీళ్లు చాన ఇండ్లల్ల 8 దిక్కే ఉంటయి. పొలంల వరికి ఏసినట్టు గాజు పెట్టెల ఏస్తె గట్లనే ఉంటది. డీఏపీ గూడ అంతే. చేపలున్న ట్యాంక్ల మొక్కకు నైట్రోజన్ కొదవ ఉండదు, చేపలే ఇస్తయి. కొత్త ఆకులు తెల్లబడ్డయా, ఇనుము తక్కువైనట్టు, పాత ఆకులకు చిల్లులు పడితె పొటాషియం, వాటికి అక్వేరియం ఎరువులు వేరే దొరుకుతయి.

ఆర్వో నీళ్లు. మీరు చేపలు కొన్న షాపుల నీళ్లు ఎక్కడివి? అదే ఊరి బోరు. గప్పీ, మోలీలకు ఉప్పదనం ఉన్న గట్టి నీళ్లే ఇష్టం, ఉత్త ఆర్వోల అవి నీరసపడ్తయి. ఇంకోటి, ఆ బ్యాక్టీరియా పని చేసుకుంట నీళ్లల్ల పీహెచ్‌ను పడకుండ పట్టి ఉంచే కార్బొనేట్లను ఖర్చు పెడ్తయి, ఆర్వోల అవి ఉండనే ఉండయి, ఒక రోజు పీహెచ్ దబ్బున కింద పడ్తది. బోరు నీళ్లు మరీ గట్టిగుండి అద్దానికి తెల్ల చార కడుతుంటె సగం సగం కలుపుకోండి, అంతవరకే.

ఇదంత వాయిస్ మెసేజ్ పెడితె బావ రాత్రి ఫోన్ చేసిండు. అటిటు మాట్లాడి చివరికి అసలు సంగతి చెప్పిండు, "అది గాదు బావమరిదీ, ఆ పంపు గుర్రుమంటుంటె మీ అక్కకు నిద్ర పడ్తలేదు, ఆ మెసేజ్ చూసి మంచిదే అయిందనుకున్నం". ఇది ముందే చెప్పొచ్చు గదా. పాత హవాయి చెప్పు కోసి ఆ ముక్క పంపు కింద పెట్టు, పంపు గోడకు, టేబుల్‌కు తాకకుండ జరుపు, ఫిల్టర్ నుంచి నీళ్లు పైనుంచి పడుతుంటె ఇంకో రెండు మగ్గులు పోసి మట్టం పెంచు, సగం చప్పుడు అదే అన్న. పొద్దున అక్క మెసేజ్ పెట్టింది, చెప్పు కోసినందుకు తిట్టుకుంట, అది కొత్తదంట.