పన్నెండు కొట్టింది, మనుమసిద్ధి ఉలిక్కిపడ్డాడు

నెల్లూరు జిల్లా దయ్యాల తరఫున నాలుగు మాటలు చెప్పాల్సిన అగత్యం వచ్చింది. పాపం, వాటికి సంఘం లేదు, ఓటు లేదు. (ఓటర్ల జాబితాలో కొన్ని పేర్లు ఉన్నాయంటారు గానీ అది వేరే సంగతి.)

ఈమధ్య ఒక కథల పోటీకి నన్ను న్యాయనిర్ణేతగా కూర్చోబెట్టారు. మధ్యయుగాల నాటి భయానక కథానిక రాయాలి. కట్ట విప్పానో లేదో గదంతా పొగమంచు. మొదటి కథ జరిగేది రోహిణి కార్తెలో, నెల్లూరులో. రోళ్లు పగిలే ఎండాకాలంలో పెన్న ఒడ్డున అంత మంచు ఎట్లా కురిసిందో తెలీదు. ఆ మంచులోంచి తెల్లచీర కట్టుకున్న దయ్యం వస్తుంది. నేనైతే ముందు దానికి ఒక విసనకర్ర ఇచ్చేవాణ్ణి.

అదే కథలో మనుమసిద్ధి మహారాజు అంతఃపురంలో గోడగడియారం టంగుమని పన్నెండు కొట్టింది. పదమూడో శతాబ్దం! రాజు ఉలిక్కిపడ్డాడని రాశాడు రచయిత. పడడా మరి? అలాంటి చప్పుడు ఆయన పుట్టి బుద్ధెరిగి వినలేదు. ఆ కంగారులో అగ్గిపెట్టె తీసి దీపం వెలిగించాడట. భోజనానికి చేపల పులుసు, ఎర్రగా, ఎండుమిరపకాయల ఘాటుతో. వాస్కోడగామా కోళికోడులో దిగిందే 1498లో. మిరపకాయ పోర్చుగీసువాళ్ల ఓడల్లో రావాల్సిన సరుకు. అంతవరకూ మన పూర్వీకులకు కారమంటే మిరియమే. ఇన్ని వింతలు చూశాక రాజుకి దయ్యాన్ని చూసి భయపడే ఓపిక ఎక్కడిది?

ఇంకో కథలో దయ్యం దారినపోయే సైనికుణ్ణి ఆపి చుట్ట అడుగుతుంది. ఒంగోలు వైపు కుర్రాడు రాసినట్టున్నాడు, పొగాకు మీద మమకారం. అదీ ఆ ఓడల సరుకే. దయ్యం ఇంకో మూడు వందల ఏళ్లు ఓపిక పట్టాలి. దయ్యం గనక పడుతుంది, సైనికుడే దొరకడు.

గోడగడియారం కుర్రాణ్ణి పిలిపించి అడిగాను.

"ఏందబ్బాయ్, ఆ కాలంలో గడియారం యాడిది?"

"ఎఫెక్టు నా. అది లేకపోతే భయం యాడ నించి వస్తాది?"

గడియ కుడుక సంగతి చెప్పాను. అడుగున సన్నటి బెజ్జం ఉన్న గిన్నెను నీళ్ల మీద వదులుతారు. నీళ్లు ఊరుతూ ఊరుతూ నిండి, బుడుంగున మునిగితే ఒక గడియ, అంటే ఇరవైనాలుగు నిమిషాలు. కాపలావాడు తీసి, వంచి, మళ్లీ వదలాలి. చీకట్లో ఒంటరిగా కూర్చుని ఆ గిన్నె వంకే చూసేవాణ్ణి ఊహించుకో అన్నాను. ఈసారి గిన్నె నిండింది గానీ మునగలేదు అనుకో. కుర్రాడు ఒక్క క్షణం ఆగాడు. "సౌండు తక్కువ నా," అన్నాడు.

మన ఊరి కవి తిక్కన తెనిగించిన భారతంలో సౌప్తిక పర్వం ఉంది. యుద్ధం ముగిసిన రాత్రి అశ్వత్థామ మర్రిచెట్టు కింద నిద్రపట్టక పడుకుని పైకి చూస్తాడు. నిద్రపోతున్న కాకుల్ని గుడ్లగూబ ఒక్కొక్కదాన్నే చంపుతూ ఉంటుంది. చూసి లేస్తాడు, పాండవ శిబిరానికి నడుస్తాడు. ధృష్టద్యుమ్నుడు కనీసం ఆయుధంతో చంపమని అడిగితే ఆ మర్యాద కూడా చెయ్యడు, కాళ్లతో కుమ్మి చంపుతాడు. తప్పించుకుని బయటికొచ్చిన వాళ్ల కోసం ద్వారం దగ్గర కృపుడు, కృతవర్మ కాచుకుని ఉంటారు. ఎక్కడా ఒక్క మంచుబొట్టు లేదు.

ఆ తిక్కనకి అన్నదమ్ముల వరసైన ఖడ్గ తిక్కన కథ మనవాళ్లందరికీ తెలిసిందే. పుల్లరి, అంటే పశువుల మేతకు కట్టే పన్ను, తగాదాలో పశువుల మందల దొర కాటమరాజు మీదికి వెళ్లి, సేన పోగొట్టుకుని ఇంటికొచ్చాడు. స్నానానికి నీళ్లు పెట్టి ఉన్నాయి. చుట్టూ మంచం అడ్డం. పక్కనే పసుపుముద్ద. ఆడవాళ్లకు పెట్టినట్టు. పెట్టింది భార్య. అన్నానికి కూర్చుంటే తల్లి విరిగిన పాలు పోసింది: నువ్వు విరిగొచ్చావు, పాలూ విరిగాయి అని. మనిషి తిరిగి యుద్ధానికి పోయి చచ్చాడు. చిన్నప్పుడు దీన్ని మాకు వీరగాథ అని చెప్పారు, చప్పట్లు కూడా కొట్టాం. ఇప్పుడు ఆలోచిస్తే ఆ ఇంట్లో దయ్యం అవసరమే లేదు. ఆ తడి నేల మీద, చెంబు పక్కన, వేళ్ల అచ్చులు పడిన ఆ పసుపుముద్ద చాలు.

ఉదయగిరి కథల గురించి ఎక్కువ చెప్పను. రాయలు ఒడిశా గజపతుల చేతిలో ఉన్న ఆ కోటను దాదాపు ఏడాదిన్నర ముట్టడించి 1514లో పట్టాడు. లోపల రోజురోజుకీ గాదెలు అడుగంటుతుంటే గింజలు కొలిచిపోసేవాడి మొహం ఎట్లా ఉండేదో ఒక్కరూ రాయలేదు. అందరి కోటల్లోనూ గబ్బిలాలు, కొవ్వొత్తుల గుత్తులు, తలుపు కిర్రుమనే చప్పుడు. గజపతుల దండు కాకుండా విలాయతీ జమీందారు ఎవరో కాపురమున్నట్టుంది.

బహుమతి ఎవరికీ ఇవ్వకుండా, కథలు మళ్లీ రాయమని వెనక్కి పంపాం. వారం తిరక్కుండా గడియారం కుర్రాడు ఫోన్ చేశాడు. అగ్గిపెట్టె తీసేశాడట. మిరపకాయల బదులు మిరియాలు వేశాడట. గడియారం తీసి గడియ కుడుక పెట్టాడట. కథ మొత్తం ఖడ్గ తిక్కన ఇంటికి మార్చేశాడట. నాకు కళ్లు చెమర్చినంత పనైంది.

"ఒక్క డౌటు నా," అన్నాడు. "ఆ పసుపుముద్ద మీద రవ్వంత పొగమంచు ఏసుకోవచ్చా?"