ఆ మైకు వెనక్కి తీసుకోండి

మొన్న మన తెలుగు సంఘం ఉగాది సంబరాల్లో పంచాంగ శ్రవణం అయ్యాక పిల్లల చేత పద్యాలు చెప్పించారు. మా చిన్నది పేరివ్వలేదు. అయినా వ్యాఖ్యాత గారు వేదిక దిగి వచ్చి దాని నోటి దగ్గర మైకు పెట్టారు. "ఒక్క పద్యం తల్లీ, ఒక్కటే!" అది తల అడ్డంగా ఊపింది. "చప్పట్లు కొట్టండి, చెబుతుంది" అన్నారు. హాలంతా చప్పట్లు. ఎనిమిదేళ్ల పిల్ల పట్టుపావడాని గుప్పిట్లో నలిపేస్తూ పెదవులు బిగించేసింది. వెనక వరసలోంచి ఎవరో, "ఇంట్లో తెలుగు మాట్లాడకపోతే ఇంతే" అన్నారు.

ఆ ముందురోజు రాత్రే, నేను గారెలకు పప్పు రుబ్బుతుంటే, గట్టు మీద కూర్చుని అదే పద్యం మూడుసార్లు చెప్పింది. ఎవరూ అడగలేదు. ఇప్పుడు పద్యం ఊసెత్తితే గదిలోకి వెళ్లి తలుపేసుకుంటోంది.

మనం దీన్ని మొండితనం అంటాం. 1966లో జాక్ బ్రెహ్మ్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త రియాక్టెన్స్ అన్నాడు. నా ఇష్టాన్ని ఎవరో లాగేసుకుంటున్నారు అనిపించగానే మనసు ఎదురు తిరుగుతుంది, అడిగింది మంచిదే అయినా సరే. 2000లో గెగెన్, పాస్కల్ అనే ఇద్దరు ఫ్రాన్సులో దారినపోయేవాళ్లని బస్సుకి చిల్లర అడిగించారు. ఉత్తినే అడిగితే నూటికి పదిమంది ఇచ్చారు. "ఇవ్వడం, మానడం మీ ఇష్టం" అని చేర్చి అడిగితే 47 మందికి పైగా ఇచ్చారు.

మన ఊళ్లలో బలవంతం అంటే ప్రేమే, కాదనను. విస్తరికి చెయ్యి అడ్డం పెట్టినా మా అమ్మమ్మ వేళ్ల సందుల్లోంచి నెయ్యి పోసేది. ఆ నెయ్యి తలుచుకుంటే ఇప్పటికీ కళ్లు చెమరుస్తాయి. కానీ ఆ వద్దనడం మొహమాటమని ఇద్దరికీ తెలుసు. ఆ ఊళ్లకి దూరంగా ఇక్కడ పుట్టిన పిల్లలకి ఆ మొహమాటం తెలియదు. వాళ్లు వద్దంటే వద్దనే.

సంఘం కార్యవర్గం బాధ నాకు అర్థమవుతుంది. కాస్త తోయకపోతే ఒక్కరూ వేదికెక్కరు, భాష మన తరంతోనే ఆగిపోతుందని వాళ్ల భయం. ఆ భయం నాకూ ఉంది. అందుకే బతిమాలుకుంటున్నాను: దీపావళికి పేరిచ్చిన పిల్లల్నే పిలవండి. పద్యం అయ్యాకే చప్పట్లు కొట్టండి. మా అమ్మాయిని తీసుకొస్తాను, ముందు వరసలోనే కూర్చుంటుంది. "బాగున్నావా అమ్మా" అని తెలుగులో పలకరించండి. బదులు చెప్పినా చెప్పకపోయినా నవ్వి ముందుకు వెళ్లండి.