బొట్టు పెట్టి పిలవాల్సిన లైబ్రరీలు

ఏ ఓపెన్ సోర్స్ ప్యాకేజీతోనైనా వచ్చే పరిచయ ఫైలు, అంటే రీడ్‌మీలోనైనా 'ఇన్‌స్టలేషన్' అన్న హెడ్డింగ్ కింద ఒకే ఒక్క లైను కనిపించిందంటే నాకు టెన్షన్ మొదలవుతుంది. ఆ లైను రాసినాయన మెషీన్‌లో కావాల్సినవన్నీ ఏనాడో ఎక్కేసి ఉంటాయి, ఎప్పుడు ఎక్కించాడో ఆయనకే గుర్తుండదు, కాబట్టి ఆయన మట్టుకు నిజంగానే అది ఒక్క లైను పని. మిగతాదంతా మన పని. కాదు, మన బావమరిది పని. అంటే మళ్ళీ మనదే.

మా బావమరిది వ్యవసాయంలో పీహెచ్‌డీ చేస్తున్నాడు. అనంతపురం జిల్లాలో మండలాల వారీగా వర్షపాతం మ్యాపు గీయాలి, దానికి డేటా లెక్కలకి వాడే ప్రోగ్రామింగ్ భాష ఆర్‌లో ఎస్‌ఎఫ్ అనే మ్యాపుల ప్యాకేజీ కావాలి. విండోస్‌లో హాయిగా ఉన్నవాడు, రూమ్మేట్ ఎవడో "రీసెర్చ్ అంటే లైనక్సే" అన్నాడని ఉబుంటు అనే లైనక్స్ ఎక్కించుకున్నాడు. విండోస్‌కీ మ్యాక్‌కీ అయితే ఆర్ ప్యాకేజీలు పంచిపెట్టే క్రాన్ వాళ్ళు వాటిని ముందే కంపైల్ చేసి, అంటే మెషీన్ నేరుగా నడిపే రూపంలోకి మార్చి, లోపలికి కావాల్సిన లైబ్రరీలు కూడా కలిపి ఇస్తారు. లైనక్స్ వాళ్ళకి సోర్స్ కోడ్ చేతిలో పెడతారు, కంపైల్ చేసుకోవడం మన ఖర్మ. ఈ ముక్క ఆ రూమ్మేట్ చెప్పలేదు.

రాత్రి పది దాటాక ఫోన్.

"బావా, అయిపోయింది, కానీ అవ్వలేదు."

"ఎర్రర్ చదువు."

"నాన్ జీరో ఎగ్జిట్ స్టేటస్ అంట."

పని చెడిందని చెప్పడానికి ఆర్ చివర్లో అనే మాట ఇది. ఎందుకు చెడిందో పైన ఎక్కడో, వందల లైన్ల కంపైలర్ గోల మధ్యలో ఉంటుంది. పైకి వెళ్ళి వెతకమంటే వాడు మొత్తం చదవడం మొదలుపెట్టాడు, అదీ వార్తలు చదివినట్టు. చివరికి దొరికింది: లిబ్‌యూడీయూనిట్స్2 డాట్ ఎస్‌ఓ అనే లైబ్రరీ ఫైలు కనబడలేదట. వాడు అడిగింది ఎస్‌ఎఫ్‌ని, బండి ఆగింది యూనిట్స్ అనే ఇంకో ప్యాకేజీ దగ్గర.

ఆర్ వ్యవహారం అచ్చం మన పెళ్ళిపిలుపులే. ఒక ప్యాకేజీని పిలిస్తే దాని తాలూకు ఆర్ ప్యాకేజీలన్నీ సకుటుంబ సపరివార సమేతంగా వాటంతటవే దిగుతాయి. లోపల మ్యాపుల, కొలతల లెక్కలు చూసే జీడాల్, జియోస్, ప్రోజ్, యూడీయూనిట్స్ అనే లైబ్రరీలు మాత్రం ఆపరేటింగ్ సిస్టమ్ వైపు పెద్దలు. శుభలేఖ పోస్టులో వేస్తే రారు, ఇంటికెళ్ళి, అడ్మిన్ హక్కుతో ఎక్కించే కమాండ్ సుడో ఆప్ట్ అని బొట్టు పెట్టి మరీ పిలవాలి. ఎవరెవర్ని పిలవాలో ప్యాకేజీ డిస్క్రిప్షన్ ఫైల్‌లో 'సిస్టమ్ రిక్వైర్‌మెంట్స్' అన్నచోట రాసే ఉంటుంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఆర్ వాటిని తెచ్చిపెట్టదు, అది మనుషులు చదువుకోడానికి రాసింది. మనుషులు చదవరు.

సరే, సుడో కొట్టమన్నాను.

"బావా, కీబోర్డ్ పోయింది. పాస్‌వర్డ్ పడట్లేదు."

పడుతుంది, కనపడదు అంతే, కొట్టి ఎంటర్ నొక్కరా అని నమ్మించడానికి పట్టిన టైమ్‌లో యూడీయూనిట్స్‌ని చేత్తో కంపైల్ చేసి ఉండొచ్చు. అది ఎక్కింది. తర్వాత 'జీడాల్ కాన్ఫిగ్ నాట్ ఫౌండ్'.

"జీడాల్ ఉంది బావా, అక్క మీద ఒట్టు."

ఉన్న మాట నిజమే. కానీ అది నడపడానికి పనికొచ్చే జీడాల్. కంపైల్ చేయాలంటే, లైబ్రరీలో ఏమేం ఉన్నాయో కంపైలర్‌కి చెప్పే హెడర్ ఫైళ్ళుండే డెవ్ ప్యాకేజీ వేరే తెచ్చుకోవాలి. ఎందుకలా అని అడిగాడు. అర్ధరాత్రి కదా, అడక్కుండా చివర్లో డెవ్ పెట్టరా అన్నాను. అప్పట్నుంచి వాడు దేని పేరు చివరనైనా డెవ్ తగిలిస్తున్నాడు, కొన్నిసార్లు పని కూడా చేస్తోంది.

మ్యాపు వచ్చాక, ఇదంతా ఒక డాక్యుమెంట్‌గా రాసిపెట్టు, నీ జూనియర్లకి పనికొస్తుంది అన్నాను. అసలు ఉద్దేశం, వాళ్ళు నాకు ఫోన్ చేయకూడదని. మొదటి డ్రాఫ్ట్ పంపాడు. ఒకటో స్టెప్పు: టెర్మినల్ తెరవండి. రెండో స్టెప్పు: బావకి ఫోన్ చేయండి. కింద నా నంబరు.

అది తీయించి, ఏమీ ఎక్కించని కొత్త మెషీన్ లాంటి ఒక ఖాళీ డాకర్ కంటైనర్‌లో నువ్వు రాసింది రాసినట్టు చేసి చూడు, సొంత ల్యాప్‌టాప్‌లో చూసుకుంటే ఏం లాభం అన్నాను. చూస్తే, సీ ప్లస్ ప్లస్ కంపైలర్ ఉండాలన్న సంగతే రాయలేదు. అదీ చేర్చాం. ఇక తిరుగులేదనుకునేసరికి ఫెడోరా అనే ఇంకో లైనక్స్ వాడే జూనియర్ ఒకమ్మాయి, సార్ ఇందులో ఒక్క పేరు కూడా దొరకట్లేదు అంది. ఉబుంటులో లిబ్‌జీడాల్-డెవ్ అయితే అక్కడ జీడాల్-డెవెల్. ముందు లిబ్ ఊడిపోతుంది, వెనక డెవ్ కాస్తా డెవెల్ అవుతుంది, ఆప్ట్ బదులు డీఎన్‌ఎఫ్. ఇంకో కాలమ్ గీశాం. విండోస్ వాడే మా బావమరిది గైడ్ అది చూసి, "నేను ఇన్‌స్టాల్ బటన్ నొక్కితే వచ్చేసిందయ్యా, దీనికి మూడు పేజీలెందుకు?" అన్నాడట. ఆయనకి ఏమని చెప్తాం.

నిన్న మళ్ళీ ఫోన్. ఈసారి, సుడో వాడే హక్కు అందరికీ ఉండని ల్యాబ్ సర్వర్‌లో.

"బావా, నేను సుడోయర్స్ ఫైల్‌లో లేనంట. ఈ ఘటనని రిపోర్ట్ చేస్తుందంట! ఎవరికి బావా?"

"రూట్‌కి, అంటే సర్వర్ అడ్మిన్ అకౌంట్‌కి మెయిల్ పోతుందిరా. భయపడకు, అవి ఎవరూ చదవరు."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. పక్కన ఎవర్నో అడుగుతున్నట్టు వినిపించింది.

"రూట్ మెయిల్స్ మా గైడ్‌కి వెళ్తాయంట బావా. నేను ఈపాటికి ఓ ఇరవై సార్లు కొట్టేశాను."