గంటా ఐదు నిమిషాల విజయవాడ

హైదరాబాదు నుంచి విజయవాడకి గాల్లో దాదాపు 260 కిలోమీటర్లు. ఏటీఆర్ విమానం, అదే రెక్కలకి ఫ్యాన్లుండేది, గంటకి 500 కిలోమీటర్ల దాకా పోతుంది. లెక్కప్రకారం అరగంట చిల్లర చాలు. మరి టికెట్ మీద గంటా ఐదు నిమిషాలెందుకంటే, విమానం ఇక్కడ కదిలినప్పటి నుంచి అక్కడ పార్కింగ్‌లో ఆగేదాకా లెక్కేస్తారు, పైగా లేటన్న మాట పడకుండా కాస్త ఎక్కువే కలుపుకుంటారు. పెళ్ళికి కారులో వస్తున్న మా బావకి ఇదంతా ముందురోజు రాత్రి వివరంగా చెప్పాను. "సరేనోయ్ బామ్మర్దీ, మండపంలో కలుద్దాం" అని నవ్వాడు. ఆ నవ్వే నాకు నచ్చలేదు.

పొద్దున్నే కూకట్‌పల్లి నుంచి అందరం ఒకేసారి బయల్దేరాం. విజయవాడ తూర్పున ఉంది కాబట్టి వాళ్ళు తూర్పుకి వెళ్ళారు. నేను శంషాబాద్ కోసం దక్షిణానికి వెళ్ళాను. క్యూలు, బెల్టు విప్పడాలు, విమానం లేటన్న మెసేజీ, అవన్నీ మీకు తెలిసినవే.

గేటు దాటాక బస్సెక్కించారు. ఆ బస్సు రన్‌వేల పక్కన తిరిగీ తిరిగీ, ఇలాగే సూర్యాపేటలో దించేస్తుందేమో అని అనుమానం వచ్చాక, విమానం పక్కన ఆగింది. తలుపులు మాత్రం తెరుచుకోలేదు. విమానం కనిపిస్తోంది, నిచ్చెన కనిపిస్తోంది, నిచ్చెన దగ్గర వాకీటాకీ పట్టుకున్న కుర్రాడూ కనిపిస్తున్నాడు. అద్దం మీద కొడితే అయిదు వేళ్ళు చూపిస్తాడు. అయిదు నిమిషాలని. కాసేపాగి కొడితే మళ్ళీ అవే అయిదు వేళ్ళు.

సరిగ్గా అప్పుడు బావ వీడియో కాల్. పైనున్న పిడి పట్టుకుని వేలాడుతున్నానన్న సంగతి మర్చిపోయి ఎత్తాను.

"అదేంటోయ్, బస్సులో ఉన్నావు? ఎల్బీ నగరా?"

"ఎయిర్‌పోర్టు బస్సు బావా, విమానం దాకా..."

పెద్దమ్మ ఫోన్ లాక్కుంది. "అంత డబ్బు పోసి నిలబడి వెళ్తున్నావా నాన్నా? సీటు లేదన్నారా?" స్పీకర్ ఆన్‌లో ఉంది. బస్సంతా వింటోంది. పరువు కోసం కెమెరా తిప్పి విమానం చూపించాను. "అదా? పది అడుగులు లేదు కదరా, దిగి నడువు. ఈ మాత్రం దూరానికి బస్సెందుకు?" అంది. ఆ పొద్దున ఎవరైనా అడిగిన తెలివైన ప్రశ్న అదొక్కటే, దానికి జవాబు చెప్పాల్సినవాడేమో బయట అయిదు వేళ్ళు చూపిస్తున్నాడు. వెనకనుంచి ఎవరో "కరెక్ట్‌గా చెప్పారండీ" అన్నారు కూడా.

"కొర్లపహాడ్ టోల్‌గేటు దాటేశాం, సూర్యాపేటలో ఇడ్లీ తింటున్నాం. పార్సిల్ కట్టించమంటావా?" అన్నాడు బావ.

విమానం ఎగిరింది. ఎగిరాక నిజంగానే ఎంతోసేపు పట్టలేదు, అది ఒప్పుకోవాలి. కాకపోతే గన్నవరం విజయవాడకి అవతల, ఏలూరు వైపు. ఊరు దాటించి దించుతారు, మనం క్యాబ్ మాట్లాడుకుని మళ్ళీ ఇరవై కిలోమీటర్లు వెనక్కి రావాలి.

మండపంలో బావ స్నానం చేసి, పంచె కట్టుకుని ఉన్నాడు. పెద్దమ్మేమో పెళ్ళికొడుకు తరఫువాళ్ళకి కూడా చెప్పేసింది, విమానంలో పాపం మావాడు విజయవాడ దాకా నిలబడే వచ్చాడని. ఆ పెళ్ళిపెద్ద నాకు కుర్చీ తెప్పించారు.

తిరుగు టికెట్ కూడా కొనేసి ఉంది. క్యాన్సిల్ చేస్తే ఎంత తిరిగొస్తుందో ఇందాకే చూశాను. సూర్యాపేటలో రెండు ప్లేట్ల ఇడ్లీ వస్తుంది.